మొదటి ప్రశ్న నుంచి మొదటి పేజీ దాకా

ఇంటర్నెట్‌ను కొత్తగా నేర్చుకునేవారు పదిమందితో చర్చించడాన్నీ, సొంత వెబ్ పేజీ తయారు చేసుకోవడాన్నీ రెండు వేర్వేరు పనులుగా చూస్తారు. మొదటిది కాలక్షేపమనీ, రెండవది ప్రోగ్రామింగ్ తెలిసినవారికి మాత్రమే సాధ్యమయ్యే విద్య అనీ అనుకుంటారు. నేను నేర్పేటప్పుడు ఈ రెండింటినీ విడదీయను. చర్చా బృందంలో ఒక ప్రశ్నను ముక్కూమొహం తెలియని నలుగురికి అర్థమయ్యేలా రాయగలిగినవారికి, పేజీ రాయడంలో సగం పని అప్పటికే వచ్చి ఉంటుంది. వెబ్ పుట్టుకలోనే ఈ సంబంధం ఉంది. సెర్న్ పరిశోధన కేంద్రంలో టిమ్ బెర్నర్స్-లీ 1989లో ప్రతిపాదించిన వెబ్‌ను ఆయన 1991 ఆగస్టు 6న బయటివారికి పరిచయం చేసింది యూజ్‌నెట్ అనే చర్చా వ్యవస్థలోని ఆల్ట్.హైపర్‌టెక్స్ట్ అనే చర్చా బృందంలోనే. పేజీలో బొమ్మ పెట్టే ట్యాగు (బ్రౌజర్‌కు చెప్పే గుర్తు) కూడా 1993 ఫిబ్రవరిలో, మొజాయిక్ బ్రౌజర్ రూపకర్తల్లో ఒకరైన మార్క్ ఆండ్రీసెన్ ఒక మెయిలింగ్ లిస్టుకు పంపిన ప్రతిపాదనతో మొదలై, అక్కడి వాదోపవాదాల నడుమ నిలదొక్కుకుంది.

ముందుగా చిరునామా చదవడం

చర్చకైనా పేజీకైనా ముందు కావలసింది అడ్రస్ బార్‌లో కనిపించే వరుసను చదవడం. చాలామంది దాన్ని చూడనే చూడరు. అందులో మొదట ఉండే హెచ్‌టీటీపీఎస్ అన్న మాటకు, మీ కంప్యూటరుకూ, పేజీని అందించే అవతలి కంప్యూటరైన సర్వర్‌కూ మధ్య నడిచే సమాచారాన్ని దారిలో ఇతరులు చదవలేరని మాత్రమే అర్థం. అవతల ఉన్నవాడు మంచివాడని అది హామీ ఇవ్వదు. మోసగాళ్లు కూడా ఆ భద్రతను ఉచితంగానే పొందగలరు.

తరువాత వచ్చేది డొమైన్ పేరు, అంటే సైటు పేరు. దీన్ని దాని తరువాత వచ్చే మొదటి ఏటవాలు గీత దాకా తీసుకుని, కుడి నుంచి ఎడమకు చదవాలి. అభ్యాసాల కోసమే కేటాయించి ఉంచిన ఎగ్జాంపుల్.కామ్ అనే పేరుతో చూద్దాం. మెయిల్.ఎగ్జాంపుల్.కామ్ అంటే అది ఎగ్జాంపుల్.కామ్ వారిదే. ఎగ్జాంపుల్.కామ్.లాగిన్.ఎగ్జాంపుల్.నెట్ అంటే మాత్రం, ముందు ఎంత తెలిసిన పేరు కనిపించినా, దాని యజమాని ఎగ్జాంపుల్.నెట్. పాస్‌వర్డులు దొంగిలించే లింకుల్లో చాలావరకు ఎడమ నుంచి చదివే మన అలవాటు మీదే ఆధారపడతాయి.

ఏటవాలు గీత తరువాత ఉన్నది ఆ సర్వర్‌లోని ఫోల్డరు, ఫైలు. ఈ విభజన తెలిస్తే బ్రౌజర్ చెప్పే తప్పులు కూడా అర్థమవుతాయి. సర్వర్ దొరకలేదని వస్తే డొమైన్ పేరులోనో మీ కనెక్షన్‌లోనో లోపం ఉంది. 404 అని వస్తే సర్వర్ దాకా మీరు చేరారు కానీ, ఆ పేజీ అక్కడ లేదు. అప్పుడు చిరునామాను చివరి నుంచి ఒక్కొక్క గీత దాకా చెరిపి చూడవచ్చు, లేదా పాత పేజీల నకళ్లను భద్రపరిచే వేబ్యాక్ మెషిన్‌లో అదే చిరునామాను వెతకవచ్చు.

బృందంలో చేరడం, కొంతకాలం ఊరికే ఉండటం

చర్చా బృందాలు రూపంలో రకరకాలుగా ఉంటాయి. 1979లో డ్యూక్ యూనివర్సిటీ విద్యార్థుల ఆలోచనగా మొదలై, మరుసటి ఏడాది నుంచి నడిచిన యూజ్‌నెట్ వీటిలోని పాతవాటిలో ఒకటి. మెయిలింగ్ లిస్టులో ఒక చిరునామాకు రాసిన ఉత్తరం సభ్యులందరికీ ఈమెయిలుగా చేరుతుంది. ఫోరంలో సందేశాలు వెబ్‌సైట్‌లోనే ఉంటాయి, చదవాలంటే మనమే అక్కడికి వెళ్లాలి. ఫోన్‌లోని చాట్ గ్రూపులు వేగంగా నడుస్తాయి కానీ, నిన్న వచ్చిన మంచి జవాబు ఈరోజు వెతికినా దొరకదు. నేర్చుకునే పనికి నేను ఫోరాన్నో మెయిలింగ్ లిస్టునో ఎంచుకోమంటాను, ఎందుకంటే వాటిలో పాత చర్చలు అంశాల వారీగా నిలిచి ఉంటాయి.

చేరేటప్పుడు కుటుంబ వ్యవహారాలకు, బ్యాంకు పనులకు వాడే ఈమెయిలు కాకుండా వేరొకటి తెరవడం మేలు. మెయిలింగ్ లిస్టు రోజుకు ఎన్నో ఉత్తరాలు పంపుతుంటే డైజెస్ట్ పద్ధతిని ఎంచుకోవచ్చు. అప్పుడు విడివిడి ఉత్తరాలకు బదులు అవన్నీ ఒకే కట్టగా వస్తాయి. చేరిన వెంటనే రాయకుండా వారం పది రోజులు చదవండి. అక్కడివారు ఏ విషయాలు మాట్లాడతారు, ఎలా పలకరించుకుంటారు, ఎవరి జవాబులు నమ్మదగినవి, ఎవరు ప్రతి మాటకూ తగువుకు దిగుతారు అన్నది ఆ వ్యవధిలోనే తెలుస్తుంది. తరచుగా అడిగే ప్రశ్నల పేజీ ఉంటే దాన్ని ముందు చదవాలి. నెట్ మర్యాదల గురించి 1995లో ఆర్ఎఫ్‌సీ 1855 పేరిట వెలువడిన పత్రం కూడా కొత్తవారికి ఇదే సలహా ఇచ్చింది. మూడు దశాబ్దాలైనా ఆ సలహా పాతబడలేదు.

ప్రశ్న రాయడం

అసలు విద్య ఇక్కడే ఉంది కాబట్టి దీనిపై కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. నేను నేర్పినవారిలో ఒకరు తన మొదటి ప్రశ్నకు “అర్జెంట్, దయచేసి సాయం చేయండి” అని సబ్జెక్ట్ లైన్ పెట్టారు. లోపల “నా కంప్యూటర్‌లో తెలుగు రావడం లేదు, ఏం చేయాలి?” అని ఒకే ఒక వాక్యం ఉంది. రెండు రోజులు ఎవరూ పలకలేదు. పలకకపోవడం నిర్లక్ష్యం వల్ల కాదు. ఆ వాక్యానికి జవాబు చెప్పాలంటే ముందు ఎదురు ప్రశ్నలు నాలుగైనా వేయాలి, తీరిక ఉన్నవారికి కూడా అంత ఓపిక ఉండదు.

ఆ సందేశాన్ని మేమిద్దరం కూర్చుని తిరగరాశాం. సబ్జెక్ట్ లైన్ ఇలా మారింది: “ఉబుంటు 22.04, ఫైర్‌ఫాక్స్: తెలుగు వత్తులు అక్షరం కింద కాకుండా పక్కన విడిగా కనిపిస్తున్నాయి”. లోపల మొదటి వాక్యంలో చేయాలనుకున్న పని, రెండవ వాక్యంలో తెర మీద కనిపిస్తున్నది, తరువాత అప్పటికే ప్రయత్నించినవి రాశారు: ఫాంటు మార్చి చూశాను, తేడా లేదు, ఇదే పేజీ మరో బ్రౌజర్‌లో సరిగ్గా కనిపిస్తోంది. ఈ చివరి వాక్యమే జవాబు చెప్పేవారికి దారి చూపింది, ఎందుకంటే లోపం ఫాంటులో కాదు, బ్రౌజర్ అమరికలో ఉందని అది దాదాపు తేల్చేసింది. ఆ సాయంత్రానికే జవాబు వచ్చింది.

తప్పు సందేశం వచ్చినప్పుడు “ఏదో ఎర్రర్ వచ్చింది” అనకుండా, దాన్ని అక్షరం పొల్లుపోకుండా కాపీ చేసి పెట్టాలి. తెర బొమ్మ జతచేస్తే, అందులో మీ ఈమెయిలు, ఫోన్ నంబరు, ఖాతా వివరాలు కనిపించకుండా కత్తిరించాలి. పాస్‌వర్డు, ఓటీపీ అన్నవి సాయం చేసేవారికి ఎన్నడూ అవసరం రావు, అడిగినవారు సాయం చేసేవారు కారు. మీరు ఊహించుకున్న పరిష్కారం గురించి కాకుండా అసలు సమస్య గురించి అడగడం కూడా ముఖ్యం. “ఫైలు పేరులో చివరి మూడు అక్షరాలను మాత్రమే విడిగా తీసుకోవడం ఎలా?” అని అడిగేవారు చాలాసార్లు కోరుకునేది ఫైలు రకాన్ని తెలుసుకోవడం, దానికి వేరే సులభమైన దారి ఉంటుంది.

జవాబు దొరికాక అదే చర్చలో ఏది పనిచేసిందో ఒక వాక్యం రాయండి. “సమస్య తీరింది, ధన్యవాదాలు” అని వదిలేసిన చర్చలు, అదే ఇబ్బందితో తరువాత వెతుక్కుంటూ వచ్చినవారికి ఎందుకూ పనికిరావు.

జవాబు ఇవ్వడం

ఇతరుల సందేశానికి జవాబిచ్చేటప్పుడు దాన్నంతా కింద వేలాడదీయకుండా, మీరు దేనికి సమాధానం చెబుతున్నారో ఆ ఒకటి రెండు వాక్యాలనే ఉంచి, వాటి కింద మీ మాట రాయాలి. కొత్త విషయం మొదలుపెట్టాలంటే పాత సందేశానికి జవాబుగా కాకుండా కొత్త చర్చగా మొదలుపెట్టాలి; లేకపోతే అది సంబంధం లేని చర్చ మధ్యలో కూరుకుపోతుంది.

పంపే ముందు “ఎవరికి” అన్న గడిని చూడటం ఒక అలవాటు కావాలి. కొన్ని మెయిలింగ్ లిస్టుల్లో మామూలు జవాబు బటన్ నొక్కినా సందేశం మొత్తం బృందానికి వెళుతుంది. చాలా ఏళ్ల క్రితం, ఒక మిత్రుడికి మాత్రమే అనుకుని, మరో సభ్యుడి రాతను గురించి కటువుగా రెండు వాక్యాలు రాసి, ఆ బృందం అందరికీ పంపాను. ఈమెయిలుగా వెళ్లినదాన్ని వెనక్కి తెచ్చుకునే వీలు లేదు. బహిరంగంగా క్షమాపణ రాయడం తప్ప చేయగలిగింది లేకపోయింది. బహిరంగ బృందాల్లో రాసినది ఎంతకాలం ఉంటుందన్నది కూడా తలచుకోవాలి. 1981 నాటి యూజ్‌నెట్ సందేశాలను, వాటిని రాసినవారే మరచిపోయి ఉంటారు కానీ, ఇప్పటికీ చదవవచ్చు.

అక్షరాల్లో గొంతు వినిపించదు కాబట్టి హాస్యం తరచుగా ఎగతాళిలా ధ్వనిస్తుంది. ఈ చిక్కు కొత్తది కాదు. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ బులెటిన్ బోర్డులో జోకులను నిజమనుకుని గందరగోళపడుతున్నారని, 1982 సెప్టెంబరు 19న స్కాట్ ఫాల్మన్ కోలన్, అడ్డగీత, బ్రాకెట్ కలిపి నవ్వు ముఖాన్ని సూచించారు. ఇప్పటి ఎమోజీలు చేస్తున్న పని కూడా అదే. కోపం తెప్పించిన సందేశానికి వెంటనే జవాబు రాయవలసి వస్తే, రాసి పంపకుండా ఉంచి, మర్నాడు చదివి చూడండి. సగం సందర్భాల్లో పంపవలసిన అవసరమే కనిపించదు.

పేజీ అంటే ఒక మామూలు ఫైలు

వెబ్ పేజీ అంటే కేవలం అక్షరాలున్న ఒక ఫైలు. అందులో ఏది శీర్షిక, ఏది పేరా, ఏది లింకు అన్నది బ్రౌజర్‌కు చెప్పే గుర్తులే ట్యాగులు. ఆ గుర్తుల భాషే హెచ్‌టీఎంఎల్. తొలి పేజీకి ప్రత్యేకమైన సాఫ్ట్‌వేర్ ఏదీ అవసరం లేదు. విండోస్‌లో నోట్‌ప్యాడ్ గానీ, మీ కంప్యూటర్‌లో ఉన్న మరే సాదా టెక్స్ట్ ఎడిటర్ గానీ చాలు. వర్డ్ వంటివి మాత్రం వద్దు, అవి తమ సొంత గుర్తులను ఫైలులో కలుపుతాయి. ట్యాగుల పేర్లను ఇక్కడ వాటి ఉచ్చారణ ప్రకారం తెలుగులో రాస్తున్నాను, ఫైలులో మాత్రం వాటిని ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో టైపు చేయాలి. ప్రతి ట్యాగూ లెస్ దేన్ గుర్తుతో మొదలై గ్రేటర్ దేన్ గుర్తుతో ముగుస్తుంది. ఆ భాగం పూర్తయిన చోట పెట్టే ముగింపు ట్యాగులో పేరుకు ముందు ఏటవాలు గీత ఉంటుంది.

ఒక కొత్త ఫోల్డరు తెరిచి, అందులో ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ అనే పేరుతో ఫైలును సేవ్ చేయండి. చాలామంది ఇక్కడే తడబడతారు. విండోస్ సాధారణంగా ఫైలు పేరులోని చివరి భాగాన్ని దాచి చూపిస్తుంది కాబట్టి, మీకు ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ అని కనిపించినా నిజానికి అది ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్.టీఎక్స్‌టీ అయి ఉంటుంది. తెరిస్తే పేజీకి బదులు మళ్లీ నోట్‌ప్యాడే వస్తుంది. సేవ్ చేసేటప్పుడు ఫైలు రకాన్ని “అన్ని ఫైళ్లు” అని ఎంచుకోవాలి, ఫోల్డర్ అమరికల్లో ఫైలు పేర్ల పొడిగింపులు కనిపించేలా కూడా చేసుకోవాలి.

ఫైలులో పై వరుస అది హెచ్‌టీఎంఎల్ పత్రమని చెప్పే డాక్‌టైప్ ప్రకటన. ఆ కింద మొత్తాన్నీ చుట్టే హెచ్‌టీఎంఎల్ ట్యాగు, దానికి లాంగ్ అనే గుణం (ట్యాగు లోపల అదనపు వివరం చెప్పే మాట). తెలుగు పేజీకి దాని విలువ టీ, ఈ అనే రెండక్షరాలు. చూపులేనివారి కోసం పేజీని చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ ఏ భాష గొంతు వాడాలో దీన్నిబట్టే తెలుసుకుంటుంది. దాని లోపల హెడ్, బాడీ అని రెండు భాగాలు ఉంటాయి. హెడ్‌లో రాసినది బ్రౌజర్ కోసం, బాడీలో రాసినది చదివేవారి కోసం.

హెడ్‌లో తప్పనిసరిగా ఉండవలసిన ఒక మెటా ట్యాగు, చార్‌సెట్ యూటీఎఫ్-8 అని, అంటే ఫైలులోని అక్షరాలను ఏ సంకేత పద్ధతిలో చదవాలో చెప్పేది. ఇది లేకపోతే తెలుగు పేజీకి ఏమవుతుందో ఒకసారి కావాలనే చూడండి. “తెలుగు” అన్న మాటలో మన కంటికి మూడు అక్షరాలే అయినా, అన్ని భాషల అక్షరాలకూ సంఖ్యలిచ్చే యూనికోడ్ లెక్కలో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము అని ఆరు గుర్తులు ఉన్నాయి. యూటీఎఫ్-8 ఒక్కొక్క తెలుగు గుర్తుకు 3 బైట్లు వాడుతుంది కాబట్టి ఆ మాట మొత్తం 18 బైట్లు. సంకేతం తెలియని బ్రౌజర్ ఒక్కో బైటును ఒక్కో లాటిన్ అక్షరంగా చదివితే, తల మీద గీత ఉన్న ఇంగ్లీషు “ఏ” అక్షరం, దాని పక్కన డిగ్రీ గుర్తు పదే పదే కనిపించే చెత్త తెర నిండా పరుచుకుంటుంది. ఎక్కడైనా ఆ జంట కనిపిస్తే, అక్కడ ఉన్నది తెలుగే, చదివే పద్ధతి మాత్రమే తప్పు అని గుర్తించవచ్చు. ఎడిటర్‌లో కూడా ఫైలును యూటీఎఫ్-8గానే సేవ్ చేయాలి. ట్యాగు ఒకటి చెప్పి ఫైలు మరొకటి అయితే ఫలితం ఉండదు.

రెండవ మెటా ట్యాగు వ్యూపోర్ట్. పేజీ వెడల్పు పరికరం వెడల్పుతో సరిపోవాలని ఇది చెబుతుంది. ఇది మరచిపోతే ఫోన్‌లో అక్షరాలు చీమల్లా కనిపిస్తాయి. ఆ తరువాత టైటిల్ ట్యాగు. సబ్జెక్ట్ లైన్ గురించి నేర్చుకున్నదంతా ఇక్కడ పనికివస్తుంది. “నా పేజీ”, “స్వాగతం” అన్న టైటిళ్లు “అర్జెంట్” అన్న సబ్జెక్ట్ లైన్ లాంటివే. వెతుకుడు ఫలితాల్లోనూ, బ్రౌజర్ ట్యాబ్ మీదా సాధారణంగా కనిపించేది టైటిలే కాబట్టి, లోపల ఏముందో అదే చెప్పాలి.

బాడీలో ప్రధాన శీర్షికకు హెచ్1, ఉపశీర్షికలకు హెచ్2, పేరాకు పీ ట్యాగు. శీర్షికల స్థాయిలు ఆరు దాకా ఉన్నా మొదటి పేజీకి రెండు చాలు. అక్షరాలు పెద్దవిగా కనిపిస్తాయని శీర్షిక ట్యాగును మామూలు వాక్యానికి వాడకూడదు; పరిమాణాలూ రంగులూ సీఎస్ఎస్ అనే మరో భాష పని, దాన్ని తరువాత నేర్చుకోవచ్చు. సేవ్ చేసి, ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేస్తే బ్రౌజర్‌లో తెరుచుకుంటుంది. మార్పు చేసినప్పుడల్లా సేవ్ చేసి, బ్రౌజర్‌లో రీలోడ్ చేయాలి. సేవ్ మరచిపోయి, మార్పు రాలేదని అరగంట తల పట్టుకున్న అనుభవం లేనివారు ఈ పనిలో అరుదు.

లింకు పెట్టడానికి “ఏ” అనే ఒకే ఇంగ్లీషు అక్షరం పేరుగా ఉన్న ట్యాగు, దానిలో చిరునామా రాయడానికి హెచ్‌రెఫ్ అనే గుణం ఉన్నాయి. ఇతరుల సైటుకు పూర్తి చిరునామా రాయాలి, మీ ఫోల్డరులోనే ఉన్న మరో పేజీకి ఫైలు పేరు ఒక్కటే చాలు. లింకుగా మారే మాట ఎంచుకోవడంలో శ్రద్ధ కావాలి. “ఇక్కడ నొక్కండి” అంటే ఏం వస్తుందో ఎవరికీ తెలియదు. వినికిడి మీద ఆధారపడేవారు లింకులను మాత్రమే వరుసగా వింటూ పోతే, పది చోట్ల “ఇక్కడ నొక్కండి” అని వినపడి విసుగు పుడుతుంది. వెళ్లబోయే పేజీ విషయాన్నే లింకు మాటగా పెట్టాలి. బొమ్మకు ఐఎంజీ ట్యాగు, దానితో పాటు బొమ్మలో ఏముందో మాటల్లో చెప్పే ఆల్ట్ గుణం ఉండాలి. బొమ్మ మీరు తీసినదో, వాడుకోవడానికి అనుమతి ఉన్నదో అయి ఉండాలి. నెట్‌లో కనిపించినంత మాత్రాన అది ఉచితం కాదు.

ఇతరుల పేజీలు ఎలా కట్టారో చూడాలంటే కంట్రోల్, యూ కలిపి నొక్కితే చాలా బ్రౌజర్లలో దాని హెచ్‌టీఎంఎల్ తెరుచుకుంటుంది. తొలితరం వారిలో చాలామంది ఈ దారినే నేర్చుకున్నారు. ఇప్పటి పెద్ద సైట్ల మూలం అడవిలా ఉంటుంది కాబట్టి, సాదాగా కనిపించే చిన్న పేజీలను ఎంచుకోండి.

నలుగురికీ చేరేలా పెట్టడం

మీ కంప్యూటర్‌లో ఉన్నంతవరకు ఆ పేజీ మీకు మాత్రమే కనిపిస్తుంది. దాన్ని ఎప్పుడూ నడుస్తూ ఉండే సర్వర్ మీద ఉంచాలి. గిట్‌హబ్ పేజెస్, నియోసిటీస్ వంటివి చిన్న పేజీలకు ఉచితంగా చోటిస్తాయి. ఖాతా తెరిచి, ఫోల్డరులోని ఫైళ్లను అప్‌లోడ్ చేస్తే చాలు. ఇండెక్స్.హెచ్‌టీఎంఎల్ అనే పేరే ఎందుకంటే, ఎవరైనా ఫైలు పేరు చెప్పకుండా చిరునామా మాత్రమే ఇచ్చినప్పుడు సర్వర్లు సాధారణంగా ఆ పేరు కోసమే చూస్తాయి. సొంత డొమైన్ పేరు కొనడం తరువాతి మాట. పేజీ నిలకడగా సాగుతుందని తేలాక ఆలోచించవచ్చు.

సొంత కంప్యూటర్‌లో చక్కగా కనిపించిన బొమ్మ అప్‌లోడ్ చేశాక మాయమైతే, ముందు పేరులోని పెద్ద, చిన్న ఇంగ్లీషు అక్షరాలను చూడండి. విండోస్ రెండింటినీ ఒకటిగానే లెక్కిస్తుంది, సర్వర్లలో ఎక్కువగా ఉండే లైనక్స్ వేరువేరుగా లెక్కిస్తుంది. కెమెరా నుంచి వచ్చిన ఫైలు పేరు పెద్ద అక్షరాల్లో ఉండి, మీరు ట్యాగులో చిన్న అక్షరాల్లో రాస్తే ఇదే జరుగుతుంది. ఫైలు పేర్లన్నీ చిన్న అక్షరాల్లో, ఖాళీలు లేకుండా, అవసరమైతే మధ్యలో అడ్డగీతతో పెట్టుకుంటే ఈ తలనొప్పి ఉండదు.

అసలు ఫైళ్లు ఎప్పుడూ మీ దగ్గర ఉండాలి. ఒకప్పుడు అసంఖ్యాకంగా సొంత పేజీలకు ఆశ్రయమిచ్చిన జియోసిటీస్ 2009లో మూతపడినప్పుడు, నకలు దాచుకోనివారు తమ పేజీలను ఇతరులు భద్రపరిచిన ప్రతుల్లో వెతుక్కోవలసి వచ్చింది.

పేజీ సిద్ధమయ్యాక మీరు చేరిన బృందానికే తిరిగి వెళ్లి, స్వీయ ప్రచారానికి అక్కడి నియమాలు ఒప్పుకుంటాయో లేదో చూసుకుని, లింకు ఇచ్చి అభిప్రాయం అడగండి. “ఎలా ఉంది?” అంటే “బాగుంది” అన్న జవాబే వస్తుంది. “ఫోన్‌లో మొదటి బొమ్మ తెర దాటి పోతోందా? మూడవ పేరాలోని లింకు ఎక్కడికి తీసుకెళుతుందో చదవగానే అర్థమైందా?” అని అడిగితే పనికొచ్చే మాటలు వస్తాయి. వాటి ప్రకారం పేజీని దిద్దేటప్పుడు ఫైలు పేరు మాత్రం మార్చకండి. అప్పటికే ఎవరో ఆ లింకును దాచుకునో, మరో చర్చలో పెట్టో ఉంటారు, పేరు మారితే వారికి కనిపించేది 404. మార్చక తప్పకపోతే, పాత పేరుతో ఒక చిన్న పేజీ ఉంచి, కొత్త చోటికి లింకు ఇవ్వండి.